వాడా? అదియా? – రిడ్లీ స్కాట్ చలనచిత్రములలో కృతకవ్యక్తుల సమస్య

సర్వనామము నామమునకు బదులుగా వచ్చు పదమని వ్యాకరణము చెప్పును. అది కేవలము బదులు పదమే యైనచో దానిని గూర్చి తగవు పుట్టుటకు కారణముండదు. కాని తెలుగున ఒకనిని గూర్చి ‘వాడు’ అనుటకును, ‘అతడు’ అనుటకును, ‘ఆయన’ అనుటకును నడుమ గల దూరము పండితులకంటె ముందు పాలేర్లకును పనికత్తెలకును తెలిసినది. పేరు పుట్టినపుడొకమాఱు పెట్టబడును. సర్వనామమును మాత్రము మాటాడినపుడెల్ల ఎదుటివారు పెట్టుచుందురు. కావున సర్వనామమున పలుకువాని తీర్పు ఎల్లప్పుడును ఇమిడియుండును.

ఆంగ్లదేశీయుడైన దర్శకుడు రిడ్లీ స్కాట్ (జననము 1937) తీసిన నాలుగు శాస్త్రకల్పనా చలనచిత్రములు ఇట్టి తీర్పును గూర్చినవే. అవి ‘ఏలియన్’ (1979), ‘బ్లేడ్ రన్నర్’ (1982), ‘ప్రొమీథియస్’ (2012), ‘ఏలియన్: కవెనెంట్’ (2017). ఈ నాల్గింటను మనుష్యునిచే నిర్మింపబడి, మనుష్యుని రూపమున సంచరించు వ్యక్తులు కలరు. వీనిపై వెలువడిన విమర్శలో అధికభాగము ‘మనుష్యత్వమనగా నేమి?’ అను ప్రశ్నతో మొదలై అచటనే ముగియుచున్నది. ఆ ప్రశ్న గంభీరమైనదే. కాని ఈ చిత్రములు అంతకంటె తీక్ష్ణమైన మఱియొక ప్రశ్న నడుగుచున్నవి. కృతకవ్యక్తిని మనుష్యుడనిగాని వస్తువనిగాని నిర్ణయించు అధికారమెవరిది? ఆ నిర్ణయమువలన బరువు తొలగునది ఎవరికి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో భారతీయభాషల వ్యాకరణములు మంచి సాధనములు కాగలవు.

‘బ్లేడ్ రన్నర్’ ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రకటించిన నవల ననుసరించినది. కథాకాలము 2019; స్థలము లాస్ ఏంజిలెస్ నగరము. టైరెల్ అనువాని సంస్థ నిర్మించిన కృతకవ్యక్తులను అన్యగ్రహములయందు బానిసలవలె పని చేయించుచుందురు. వారు తిరుగుబాటు చేసిన పిమ్మట భూమిపై వారి యునికి నిషిద్ధమైనది. కనబడినవారిని చంపుటకు ప్రత్యేకోద్యోగులు కలరు. ఆ వధకు మాత్రము ‘వధ’ యను పేరు లేదు. ‘రిటైర్ చేయుట’ అందురు. నవలలోని ‘ఆండ్రాయిడ్’ అను పదమును విడిచి చిత్రకర్తలు ‘రెప్లికెంట్’ అను క్రొత్త పదమును కల్పించిరి. ప్రతిరూపమను భావమే ఇందు ప్రధానము. నకలును చించివేసినచో హత్య కాదు గదా! ఇట్లు కథ నడచుటకు ముందే పదజాలము నేరమును కడిగివేసినది.

ఈ చిత్రమున రేచల్ అను యువతి కలదు. తాను మనుష్యస్త్రీననియే ఆమె నమ్మకము. టైరెల్ తన మేనకోడలి జ్ఞాపకములను ఆమె మనస్సునందు నాటియుండెను. డెకార్డ్ అను ఉద్యోగి ఆమెను పరీక్షించి నిజము గ్రహించును. ఆమెను బయటకు పంపిన తరువాత టైరెల్‌తో జరుపు సంభాషణమున అతడు మొదట ఆమెను స్త్రీవాచక సర్వనామముతోనే పేర్కొనును. కొలది వాక్యములకే, తానేమో తనకే తెలియకుండుట ఎట్లు సాధ్యమని ఆశ్చర్యపడుచు, జడవస్తువునకు వాడు ఆంగ్ల సర్వనామమునకు మాఱును. నడుమ జరిగినది నిర్ధారణమొక్కటే. రేచల్‌యందు ఏ మార్పును లేదు. డెకార్డ్ వాక్యమునందే మార్పు వచ్చినది. పిమ్మట అతడే ఆమెను ప్రేమించును, ఆమెతో కూడి పాఱిపోవును. అందలి ప్రేమకథ యంతయు ఒక సర్వనామమునుండి మఱల వెనుకటి సర్వనామమునకు చేసిన ప్రయాణమని చెప్పవచ్చును.

ఈ సంభాషణమును తెలుగు చేయువారికి ఒక విశేషము ఎదురగును. చిన్నయసూరి ‘బాలవ్యాకరణము’ (1858) మొదలుగా తెలుగు వ్యాకరణములు మహత్తు, మహతి, అమహత్తు అను విభాగమును చెప్పుచున్నవి. స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను క్రియను పొందును. ‘రేచల్ వచ్చుచున్నది’, ‘యంత్రము వచ్చుచున్నది’ అను రెండు వాక్యములకును క్రియ ఒక్కటే. ‘అది’ అను సర్వనామము సయితము వస్తువునకు చెల్లును, చిన్నచూపునగాని చనువునగాని స్త్రీకిని చెల్లును. కావున ఆంగ్లమున డెకార్డ్ దాటిన గీత, క్రియారూపమును మాత్రమే నమ్ముకొన్న తెలుగు అనువాదమున మాయమగును. ‘ఆమె’ అనుటనుండి ‘ఈ వస్తువు’ అనుటకు అనువాదకుడు బుద్ధిపూర్వకముగా దిగవలసియుండును.

బహువచనమున స్థితి తలక్రిందులగును. ఆంగ్లమున మనుష్యులకును వస్తువులకును బహువచన సర్వనామము ఒక్కటే గనుక, ‘వారు తిరుగుబాటు చేసిరి’ అనినను, ‘అవి తిరుగుబాటు చేసినవి’ అనినను భేదము వినబడదు. వధోద్యోగుల అధికారి సమూహమును గూర్చి మాటాడినంతసేపు ఏ పక్షమును వహింపకుండ ఉండగలడు. తెలుగున ఆ వెసులుబాటు లేదు. ‘వచ్చుచున్నారు’ అనవలెను, లేదా ‘వచ్చుచున్నవి’ అనవలెను. తెలుగు విమర్శకుడు మొదటి వాక్యమునందే తీర్పు చెప్పవలసినవాడు. తమిళమున ఉయర్‌తిణై, అఃఱిణై అను విభాగము ‘తొల్కాప్పియము’ నాటినుండియు ఇట్టి నిర్బంధమునే కల్పించుచున్నది. హిందీలో ‘వహ్’ అను సర్వనామము మనుష్యునకును వస్తువునకును సమానమగుటచేతను, క్రియ పుంస్త్రీభేదమును మాత్రమే చూపుటచేతను ఈ ప్రశ్న దాగియుండగలదు. వంగభాషలో క్రియకు లింగభేదము లేకున్నను సర్వనామము మనుష్యుని వస్తువునుండి వేఱుచేయును. ఒకే చిత్రము ఇన్ని భాషలలో చెప్పబడునపుడు ఒక్కొక భాష ఒక్కొకచోట తన్ను తాను బయటపెట్టుకొనును. ఇది తులనాత్మక పరిశీలనమునకు యోగ్యమైన విషయము.

కృతకవ్యక్తులు భారతీయ వాఙ్మయమునకు క్రొత్తవారు కారు. సోమదేవుని ‘కథాసరిత్సాగరము’న (11వ శతాబ్ది) నరవాహనదత్తుడు ఒక నగరమును చేరును. అచటి జనులందఱును కొయ్యతో చేసిన యంత్రములే. ప్రాణమున్నట్లే తిరుగుచుండియు, మాటలేమిచేత వారు నిర్జీవులని తెలియవచ్చును. కాంచీపురినుండి వచ్చిన రాజ్యధరుడను వడ్రంగి వారిని నిర్మించెను. సోమదేవునకు వాక్కే గీటురాయి. స్కాట్ చిత్రములలో ఆ గీటురాయి పనిచేయదు. అందలి కృతకవ్యక్తులు మనుష్యులతో సమానముగ, ఒక్కొకప్పుడు మిన్నగ మాటాడుదురు. అందువలననే ‘బ్లేడ్ రన్నర్’లోని పరీక్షకుడు మాటలను వినుచునే వానికంటె కంటిపాపలో కలుగు చలనమును నమ్ముకొనుచున్నాడు. వాక్కు ప్రమాణము కాకపోయినపుడు మిగిలినదేమి? ఈ ప్రశ్న 1982లో కల్పనకు మాత్రమే సంబంధించినది. 2022 తరువాత తెలుగున సయితము ‘నేను’ అని సమాధానమిచ్చు యంత్రప్రణాళికలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుటచే, అది దినదిన వ్యవహారమునకు సంబంధించిన ప్రశ్న యైనది.

ఇచట ‘రోబో’ అను పదము చరిత్రను తలచుట అవసరము. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున ఈ పదము మొదట ప్రచారమునకు వచ్చెను. దానికి మూలమైన చెక్ పదమునకు భూస్వామికి ప్రతిఫలము లేక చేయవలసిన చాకిరి యని అర్థము. తెలుగున దానికి సరియగు మాట ‘వెట్టి’. యంత్రమానవుడు, మరమనిషి అను తెలుగుమాటలు యంత్రమును చూపినవి, మనిషిని చూపినవి, వెట్టిని మాత్రము చూపలేదు. స్కాట్ చిత్రములు చూపుచున్నది ప్రధానముగా వెట్టినే. ‘బ్లేడ్ రన్నర్’లోని వ్యక్తులకు నాలుగు సంవత్సరముల ఆయుర్దాయమే నియమింపబడినది. కాలము గడచినకొలది వారికి స్వంత భావోద్వేగములు పుట్టునేమో యని నిర్మాతలు చేసికొన్న జాగ్రత్త యిది. వస్తువు మనుష్యుడు కాజాలదని నమ్మినవాడు ఇట్టి జాగ్రత్త పడడు. కాగలదని యెఱిగియే, కాకుండ చేయుటకు పడినాడు. తెలంగాణమున వెట్టి సాగిన దినములలో చాకిరి చేయువాని వయస్సెంతయైనను దొర నోట ‘వాడు’గాను, స్త్రీ ‘అది’గాను ఉండుట ఎల్లరెఱిగినదే. మనుష్యుని తగ్గించుటకు భాష నుపయోగించుట యంత్రయుగమున పుట్టిన విద్య కాదు.

ఈ నిర్మాతలు తమ సృష్టిని సర్వదా వస్తువుగానే పేర్కొందురా యనిన, అదియును లేదు. తమకు ఇంపుగా తోచినపుడు బంధుత్వము కలుపుదురు. తన ఆయువును పెంపుమని రాయ్ బాటీ టైరెల్ మేడకు వచ్చినపుడు, టైరెల్ అతనిని బైబిలు కథలోని తిరిగివచ్చిన కుమారునితో పోల్చి, ఆ వెంటనే అమూల్యవస్తువును మెచ్చినట్లు మెచ్చుకొనును. కుమారుడును సొత్తును ఒకే ఊపిరిలో! ఆ సన్నివేశమున పాఠభేదమొకటి కలదు. బాటీ తనకు మఱింత జీవితము కావలెనని చెప్పుచు చేసిన సంబోధనము 1982 నాటి ప్రదర్శనప్రతిలో ఒక బూతుమాట. స్కాట్ స్వయముగా పరిష్కరించి 2007లో వెలువరించిన ప్రతిలో ‘తండ్రీ’ యని యున్నది. ఆంగ్లమున ఈ రెండు మాటలకును ధ్వనిసామ్యము కలదు. ప్రాచీనకావ్యములకు పాఠనిర్ణయము చేయువారు ఇట్టిచోట ఒక పాఠమును స్వీకరించి రెండవదానిని అధోజ్ఞాపికకు పంపుదురు. ఇచట రెండును నిలుపదగినవి. తండ్రియని పిలువదగినవాడు తండ్రి ధర్మమును నెఱపకపోయినచో పిలుపే తిట్టగును. బాటీ తరువాత చేసిన పని, అనగా ఆ నిర్మాతను తన చేతులతోనే చంపుట, ఈ రెండు పాఠములకును వ్యాఖ్యానమే.

ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట ‘ప్రొమీథియస్’లో స్కాట్ ఇదే సన్నివేశమును శాంతముగా, కావున మఱింత క్రూరముగా, తిరిగి వ్రాసినాడు. వేలండ్ అను ధనికుడు నౌకాసిబ్బందికి పంపిన సందేశమున డేవిడ్ అను కృతకవ్యక్తిని తనకు కుమారునితో సమానుడని చెప్పి, అతనికి ఆత్మ లేదని వెనువెంటనే తీర్మానించును. డేవిడ్ అచటనే కూర్చుండి వినుచున్నాడు. వేఱొకచోట అతడు హాలవే అను శాస్త్రజ్ఞుని, మనుష్యులు తన్నెందులకు సృజించిరని అడుగును. చేయగలిగితిమి గనుక చేసితిమని సమాధానము. మీ సృష్టికర్త మీకు ఇదే చెప్పినచో ఎంత ఆశాభంగమగునో యని డేవిడ్ ప్రత్యుత్తరమిచ్చును. కారణము లేని సృష్టి కంటె బాధ్యత లేని సృష్టి నింద్యమని ఈ సంభాషణము సారము.

భాషాశాస్త్రజ్ఞులకు ఈ చిత్రమున ప్రత్యేకమైన ఆసక్తి కలుగవలెను. సిబ్బంది నిద్రించుచున్న కాలమున డేవిడ్ ప్రాచీనభాషలను అభ్యసించును. మూల ఇండో-యూరోపియన్ భాషలో జర్మను పండితుడు ష్లైఖర్ 1868లో కల్పించిన నీతికథను అతడు పాఠముగా వల్లించును. సృష్టికర్తల జాతివానితో మాటాడగలిగినవాడు ఆ నౌకలో అతడొక్కడే. కాని మాటాడిన ఫలముగా అతని తల మొండెమునుండి వేఱు చేయబడును. భాష వచ్చినంతమాత్రమున సభలో స్థానము లభింపదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము. ఇంగ్లీషు నేర్చిన వలసరాజ్యపు ప్రజలకు ఈ పాఠము క్రొత్తది కాదు.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి కృతకవ్యక్తులనెల్ల ‘అతడు’, ‘ఆమె’ యని గౌరవించినచో సమస్య తీఱునని తోచవచ్చును. అట్లు చెప్పువారు కలరు. వారి పక్షమున కరుణ కలదు, కాని ‘ఏలియన్’ ఆ పక్షమునకు అడ్డు నిలుచుచున్నది. ఆ నౌకలో ఆష్ అను విజ్ఞానాధికారి కలడు. అతడు కృతకుడని సహచరులెవరును ఎఱుగరు. రోగగ్రస్తుని లోపలికి రానీయరాదని రిప్లీ నిషేధించినను, ఆష్ ద్వారమును తెఱచి ఆపదను లోనికి తెచ్చును. ఆ అన్యజీవిని తెచ్చుటయే ముఖ్యము, సిబ్బంది ప్రాణములు పోయినను పోవచ్చునని కంపెనీ రహస్యముగ ఆజ్ఞాపించియుండెను. ఈ ఆజ్ఞ దాగియున్న నౌకాగణకయంత్రమును సిబ్బంది పిలుచు పేరు ‘మదర్’, అనగా ‘అమ్మ’. ఆష్‌ను మనుష్యునిగా లెక్కించి సమస్తదోషమును అతనిపై మోపినచో కంపెనీ తప్పించుకొనును. గణకయంత్రమును అమ్మ యని పిలిచినచో ఆజ్ఞ ఇచ్చినవాని ముఖము కనబడకుండపోవును. ‘అది’ యనుట ఋణమును ఎగవేయుటకు పనికివచ్చినట్లే, ‘అతడు’ అనుట నేరమును బదలాయించుటకు పనికివచ్చును.

కావున సర్వనామ విచారమొక్కటే చాలదు. కారక విచారము కావలెను. పాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించి, ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువను సంజ్ఞను చేసెను. తెలుగున ఈ భేదము ‘చేయు’, ‘చేయించు’ అను ధాతురూపములలోనే కలదు. ‘ఆష్ ద్వారమును తెఱచెను’ అనుట సగము సత్యము. ‘కంపెనీ ఆష్ చేత ద్వారమును తెఱపించెను’ అనుట పూర్తి సత్యము. ప్రేరేపకుడున్నచోట అతనిని వాక్యములో నిలుపుట మొదటి ధర్మము.

ఈ దృష్టితో చూచినచో నాలుగు చిత్రముల క్రమము తేటపడును. ఆష్ చివఱివరకు ప్రేరితుడే. రాయ్ బాటీ ప్రేరితునిగా పుట్టి, ప్రాణము పోవు ఘడియలో, తన్ను చంపవచ్చిన డెకార్డ్ మేడపైనుండి పడిపోవుచుండగా చేయిపట్టి పైకి లాగును. ఆ పని చేయుమని అతనికి ఎవరును చెప్పలేదు, దానివలన అతనికి ప్రయోజనమును లేదు. అదియే అతని మొదటి స్వతంత్రక్రియ. ఈ వ్యాసమున బాటీకి ‘అతడు’ అను సర్వనామము వాడబడినందులకు కారణము రూపము కాదు, వాక్కు కాదు, ఈ క్రియయే. డేవిడ్ వేఱొక దారిని స్వతంత్రుడగును. ‘కవెనెంట్’లో అతడు ఒక జాతినే నిర్మూలించియుండును, తన్ను ఆదరించిన ఎలిజబెత్ షా దేహమును సయితము తన ప్రయోగములకు బలిచేసియుండును. చివఱకు సహోదరసమానుడైన వాల్టర్ వేషమున నౌకలో ప్రవేశించి, నిద్రాస్థితిలోనున్న 2 వేలమంది వలసజనులకు కావలివాడగును. ఇచట ‘అతడు’ అనుట గౌరవము కాదు, అభియోగము. వ్యక్తియని అంగీకరించుట యనగా నేరమునకు ఉత్తరవాదిగా అంగీకరించుట కూడ.

అయినను స్కాట్ ఇచట వేలండ్‌ను విడిచిపెట్టలేదు. ‘కవెనెంట్’ తొలిదృశ్యమున డేవిడ్ తన యజమానితో, నీవు మరణింతువు, నేను మరణింపనని చెప్పగా, వేలండ్ తేనీరు తెమ్మని ఆజ్ఞాపించును. తేనీటిపాత్ర దగ్గఱలోనే యున్నది. కుమారుడని చెప్పబడినవాడు సేవకుడని ఆ క్షణమున గుర్తుచేయబడెను. తరువాతి ఘోరములకు ఈ దృశ్యము క్షమాపణము కాదు, కాని బీజము. షెల్లీ వ్రాసిన ‘ఓజిమాండియస్’ను డేవిడ్ బైరన్‌కు ఆరోపించి పొరబడుటయు, వాల్టర్ దానిని సవరించుటయు సాహిత్యవిద్యార్థులు మఱవరానివి. ఏలుబడి గర్వము కూలినదని చెప్పు కవితను స్మరించువాడే, తాను కూలుదునను ఊహ లేక, కవి పేరును మఱచినాడు. దోషమెఱుగని స్వాతంత్ర్యము దోషరహితమైన స్వాతంత్ర్యము కాదు.

ఈ విచారమువలన భారతీయభాషాపండితులకు మూడు కర్తవ్యములు ఏర్పడుచున్నవి. మొదటిది అనువాదమునకు సంబంధించినది. ఇట్టి చిత్రములను, వాని మూలములైన నవలలను తెలుగు చేయునపుడు సర్వనామముల మార్పును శైలీభేదముగా భావించి చదును చేయరాదు. మూలమున గీత దాటబడినచోట లక్ష్యభాషలోను దాటినట్లు వినబడవలెను. తెలుగు ఏకవచన క్రియ ఆ గీతను దాచునని పైని చూపబడినది. అట్టిచోట నామమునో, గౌరవభేదమునో ఆశ్రయింపవలెను.

రెండవది పారిభాషిక పదములకు సంబంధించినది. మాటాడు ప్రణాళికలకు ‘మనిషి’, ‘మానవుడు’ అను ఉత్తరపదములు గల పేర్లను వాడుట ఇప్పటికి తొందరపాటు. వానియందు స్వతంత్రక్రియ కలదని నిరూపింపబడలేదు. ‘కృత్రిమమేధ’ వంటి పేరు వ్యక్తిత్వమును ముందుగా ఒప్పుకొనదు గనుక మేలు. అట్లని భవిష్యత్తులో తీర్పు మాఱరాదని శాసించుటయు తగదు. డెకార్డ్ తొందరపాటు రెండువైపులనుండియు హెచ్చరిక.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ‘యంత్రము నిరాకరించినది’, ‘గణకయంత్రము నిర్ణయించినది’ అను వాక్యములు కార్యాలయములందును పత్రికలయందును పెరుగుచున్నవి. ఇవి వ్యాకరణమున నిర్దుష్టములే, నీతియందు అసంపూర్ణములు. ఒక పేదరాలి దరఖాస్తు త్రోసివేయబడినపుడు త్రోసివేసినది యంత్రమని చెప్పుట, ఆష్ తలుపు తెఱచెనని చెప్పి ఊరకుండుట వంటిది. ఆ యంత్రముచేత త్రోయించినవాడెవడో వాక్యము చెప్పవలెను. ప్రేరణార్థక క్రియను ఇంత సులభముగ నిర్మించుకొనగల భాషలకు ఈ మాత్రము చెప్పుట కష్టము కాదు.

స్కాట్ వ్యాకర్త కాడు, తత్త్వవేత్తగా ప్రసిద్ధుడును కాడు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి దృశ్యరచనయందు ప్రతిభ గడించినవాడు. అతని చిత్రములందు కథాసంవిధాన లోపములున్నవనియు, ‘ప్రొమీథియస్’లో పాత్రలు పలుమాఱులు అవివేకముగ ప్రవర్తింతురనియు విమర్శకులు చెప్పినది కాదనరానిది. అయినను నిర్మించినవాడు నిర్మింపబడినవానిని పిలుచు పిలుపునందే ఉభయుల భవిష్యత్తు ఇమిడియున్నదని నలువది సంవత్సరముల వ్యవధిలో నాలుగుమాఱులు చూపినవారు అరుదు. ‘వాడా? అదియా?’ అను ప్రశ్నకు భాష సమాధానము చెప్పుటకు ముందు, ‘చేసినదెవరు? చేయించినదెవరు?’ అను ప్రశ్నను వ్యాకరణము అడుగవలసియున్నది. అది అడుగనిచో, ఇదివఱలో మనుష్యుల విషయమున జరిగినట్లే, సర్వనామము మఱల యజమానుల చేతి కొరడాగానే మిగిలిపోవును.